కవిత అడిగిన చేదునీళ్లు

శుక్రవారం, రాత్రి

మునియప్ప తూత్తుకుడి నుంచి మా అంగడికి ఉప్పు లోడు తెచ్చాడు. మూటలు దించాక ఒక సీసా నా ముందు నేల మీద పెట్టాడు. ఉప్పు చేతికివ్వకూడదు కదా.

"కవిత అడిగిందక్కా. ఎండకు ఉప్పు తేలినాక మడిలో మిగిలే చేదునీళ్లు. ఇవి తీసేయకుంటే ఉప్పంతా చేదే. యాడ పోయింది పాప? ఈ తూరి ఏమేం అడుగుతుందో అని భయపడతా వచ్చినాను."

నా బిడ్డ కవిత చనిపోయిన సంగతి అతనికి తెలియదు. బట్టల సోడా, వంట సోడా, సబ్బు కాసే సోడా, అన్నీ ఈ ఉప్పులోంచే చేస్తారమ్మా అని అంగట్లో పొట్లాలు కడుతూ అది నాకు చెప్పేది.

"ఊత్తంగరైకి పోయిందప్పా, వాళ్లత్త ఇంటికి" అన్నాను. నోరెలా వచ్చిందో.

"వస్తే చెప్పక్కా, నోట్లో గీట్లో పోసుకుంటాదేమో!" అని నవ్వుకుంటూ లారీ ఎక్కాడు.

సీసా కవిత పుస్తకాల పక్కన పెట్టాను. మళ్లీ లోడుకు వచ్చినప్పుడు అడుగుతాడు. చెప్పాలి. హోసూరులో అందరూ నన్ను చూడగానే గొంతు తగ్గిస్తారు. దాని పేరు నవ్వుతూ పలికేది ఇతనొక్కడే. చెప్పేస్తే ఇతను కూడా...