గొడుగు సీను

జూన్ 2, సోమవారం

ట్రైలర్ వచ్చింది. ఆయన పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగారు. ఈ సినిమాకి మాటలు రాసినవాళ్ళు నలుగురు. మా ఆయన పేరు ఆఖరున పడుతుందట, చిన్న అక్షరాల్లో. అయినా ఇంత పెద్ద సినిమా చేతికి రావడం ఇదే మొదలు. అందుకే ఆ కంగారు.

ట్రైలర్ నిండా కుటుంబమే. తాతలు, బామ్మలు, అత్తలు, మేనల్లుళ్ళు అందరూ తెల్లబట్టలు వేసుకుని పాలరాతి మెట్లు దిగుతారు. ఏ పనీ పాటా లేనట్టు మళ్ళీ దిగుతారు. హీరో హెలికాప్టర్‌లోంచి దిగుతాడు. నేను తల దువ్వుకుంటూ నవ్వుకుంటున్నాను. ఆఖరున ఒక మొగుడు సూట్‌కేసు పట్టుకుని గుమ్మం దాటుతుంటాడు. పెళ్ళాం వెనక నుంచి, గొడుగు తీసుకెళ్ళండి, వాన వచ్చేలా ఉంది, అంటుంది. డబ్బుమని డ్రమ్ము మోగుతుంది. పక్కన కమెడియన్ కళ్ళు తేలేస్తాడు. టైటిల్ పడుతుంది.

దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది. అది మా అక్క మాట.

అదే రోజు, లంచ్ టైము

నేను పనిచేసే పళ్ళ క్లినిక్‌లో కూర్చుని రాస్తున్నాను. లోపల డాక్టరు గారు ఎవరిదో పన్ను తొలుస్తున్నారు, ఆ రొదలో నా ఏడుపు ఎవరికీ వినబడదు.

అమ్మ పోయాక నన్ను అక్కే పెంచింది. పెళ్ళయి వెళ్తూ పెట్టె బేడాతో పాటు నన్నూ వెంట తీసుకెళ్ళింది. బావ వెళ్ళిపోయిన రోజు నేను స్కూలు బట్టల్లో అక్క వెనకే నిలబడి ఉన్నాను. ఇక తిరిగి రానన్నాడు. కారణం చెప్పలేదు. అక్క అరవలేదు, కాళ్ళావేళ్ళా పడలేదు. తలుపు వెనక మేకుకి వేలాడుతున్న నల్ల గొడుగు తీసి ఇచ్చి ఆ మాట అంది. బావ తీసుకున్నాడు. వీధి మలుపు దాకా ఆ గొడుగు కనబడుతూనే ఉంది.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ రోజు ఊసు ఎవరూ ఎత్తలేదు. పెళ్ళయిన కొత్తలో ఈయనకొక్కరికే చెప్పాను. మొగుడికి చెప్పాననుకున్నాను, రైటరుకి చెప్పాననుకోలేదు. ఇప్పుడు అక్క ఈ సినిమా చూస్తే నా మొహం ఎలా చూస్తుంది? నన్ను క్షమించదు. క్షమించినా నేను తట్టుకోలేను.

జూన్ 3

రాత్రి పెద్ద గొడవ. ఆయన అన్నం ముందు తల వంచుకుని కూర్చున్నారు.

తాను సీరియస్‌గానే రాశారట. షూటింగ్ కూడా అలాగే చేశారట, చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట. తర్వాత బయటి జనాన్ని పిలిచి ప్రివ్యూ వేశారు. ఆ మాట రాగానే వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడట. ఒకడు నవ్వితే పక్కవాడు నవ్వడా? హాలంతా నవ్వింది. డైరెక్టరు సీట్లోంచి ఎగిరి గంతేసి, ఇదే మన సినిమాలో హైలైట్ అన్నాడట. మర్నాటికల్లా ఆ ఆడమనిషి మొహం కత్తిరించి, కమెడియన్ మొహం అతికించి, కింద డ్రమ్ము పెట్టేశారు. ఈయన అడ్డు చెప్పబోతే, జనం నవ్వాక నువ్వెవరయ్యా ఏడిపించడానికి, అన్నాడట.

అసలు ఆ మాట రాసే హక్కు మీకెవరిచ్చారని అడిగాను. ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. తప్పు చేసినవాడికి పౌరుషం ఒకటి!

జూన్ 6

డాక్టరు గారు ఇవాళ ప్రతి పేషెంటునీ గొడుగు తీసుకెళ్ళమని చెప్పి మరీ పంపించారు. బయట ఎండ మాడ్చేస్తోంది.

జూన్ 10, మంగళవారం

ఎక్కడ విన్నా అదే. బస్సు దిగుతుంటే డ్రైవరు అన్నాడు. మందుల షాపతను చిల్లర ఇస్తూ అన్నాడు. గొడుగుల కొట్టువాడు హీరో బొమ్మ తెచ్చి అద్దానికి అంటించాడు. ఎవరికి వాళ్ళే ఆ మాట కనిపెట్టినట్టు కళ్ళెగరేస్తారు. నవ్వకపోతే నాకు జోకు అర్థం కాలేదనుకుని మళ్ళీ చెబుతారు.

అక్క ఫోను చేసింది. దానిది బటన్ ఫోను. ట్రైలర్ చూసే వీలు లేదు, బతికిపోయాను. మరిది గారి సినిమా ఎప్పుడొస్తుందని అడిగింది. పెద్ద సినిమాయేనా అంది. అన్ని ఊళ్ళలోనూ వేస్తారా, మూలనున్న చిన్న చిన్న ఊళ్ళలో కూడానా, అని గుచ్చి గుచ్చి అడిగింది. సినిమా పేరెత్తితేనే పక్క గదిలోకి వెళ్ళిపోయే మనిషి. మరిది మీద ప్రేమ అనుకున్నాను. ఊఁ ఊఁ అని పెట్టేశాను.

జూన్ 15, ఆదివారం

చెప్పేద్దామని వెళ్ళాను. చెప్పలేదు.

అక్క ఇంట్లో కూర్చోవాలంటే ముందు కర్టెన్లు జరపాలి. ఏదో హోటలు వాళ్ళు కుట్టమని ఇచ్చారట, కుట్టు మిషను చుట్టూ గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటి మధ్య నుంచి తల పైకెత్తి, నోట్లో గుండుసూదులు పెట్టుకునే నవ్వింది. తలుపు వెనక మేకు ఇప్పటికీ ఖాళీయే. దాని గొడుగు మాత్రం మంచం కింద పెట్టుకుంటుంది.

మొదటి రోజు మొదటి ఆట చూస్తానంది. టికెట్లు దొరకవే అన్నాను. దొరికాయట. తనే వెళ్ళి లైన్లో నిలబడి రెండు తెచ్చిందట, నీకూ నాకూ అంది. బావకి సినిమాల పిచ్చి. ఏ సినిమా అయినా సరే మొదటి ఆట పడాల్సిందే. వండింది వండినట్టే వదిలేసి పరిగెత్తేవాడు. సినిమా నాకు సవతిరా బాబూ అని అక్క అప్పట్లో నవ్వుతూ తిట్టేది. బావ వెళ్ళిపోయాక అది హాలు గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు తొక్కుతుంది. నా ఖర్మ.

జూన్ 26, గురువారం

హాలు ముందు కటౌటు లేచింది. తాత దగ్గర నుంచి చంటిపిల్ల దాకా కుటుంబం మొత్తం మూడంతస్తుల ఎత్తున నవ్వుతోంది. దాని చుట్టూ రంగుల బల్బులు. చూడ్డానికి వచ్చినవాళ్ళతో వీధి కిక్కిరిసిపోయింది, బస్సు అరగంట కదల్లేదు. బస్సులో అందరికీ సంబరం. నేను కిటికీ మూసేశాను.

ఆయనకీ నిద్ర లేదు. రేపు నువ్వు అక్క పక్కనే ఉండు అన్నారు. మీరు చెప్పక్కర్లేదన్నాను.

జూన్ 27, శుక్రవారం

చూశాం.

అదే రోజు, సాయంత్రం

ఇందాక రాయలేకపోయాను.

ఈలలు, కాగితం ముక్కలు, ముందు వరసలో గంతులు. మెట్లు దిగినప్పుడల్లా చప్పట్లు. నాకు కథ ఒక్క ముక్క ఎక్కలేదు. ఆ సీను ఎప్పుడొస్తుందా అని అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. సూట్‌కేసు కనబడగానే జనం గోల ఆపారు. ఊపిరి బిగబట్టారు. ఆవిడ గొంతు వినబడే లోపే హాలు హాలంతా ఒక్క గొంతుతో ఆ మాట అనేసింది. పిల్లలూ అన్నారు, ముసలివాళ్ళూ అన్నారు. ఆ తర్వాత ఒకటే నవ్వు. నా వెనకావిడ నవ్వు ఆపుకోలేక నా సీటు పట్టుకుంది.

నేను తెర వైపు చూడలేదు, అక్కనే చూస్తున్నాను. అక్క కూడా తెర వైపు చూడటం లేదు. మెడ చాచి, వెనక్కి తిరిగి, వరస తర్వాత వరస జనం మొహాలు చూస్తోంది. తెర వెలుగులో అవన్నీ పళ్ళు బయటపెట్టి ఉన్నాయి. సీను అయిపోయాక ముందుకి తిరిగింది. చివరిదాకా కదల్లేదు.

బయటికొచ్చాక, జనం బాగా వచ్చారే, మరిది గారికి మంచి పేరొస్తుంది, అంది. బస్సెక్కి వెళ్ళిపోయింది.

జూన్ 28

రివ్యూలు. పేపరాయన రెండున్నర స్టార్లిచ్చాడు. ఇంత ఖర్చుపెట్టి మెట్లు కట్టారు కానీ కథ మొదటి మెట్టు మీదే ఆగిపోయిందట. వీడియో రివ్యూల కుర్రాడు చొక్కా చించుకున్నంత పని చేశాడు. కుటుంబంతో వెళ్ళండి, గొడుగు సీనుకే టికెట్టు డబ్బులు వచ్చేస్తాయన్నాడు. పేరున్న విమర్శకురాలు ఒకావిడ సినిమాని ఉతికి ఆరేసింది. అన్నీ నిజాలే రాసింది, చదువుతూ తల ఊపాను. చివర్లో మాత్రం, మొగుడు వదిలేసి పోతుంటే ఏ ఆడది గొడుగిస్తుంది, నవ్వు కోసం పుట్టించిన మనిషి తప్ప ఇలాంటి భార్య ఎక్కడా ఉండదు, అని తేల్చేసింది.

పేపరు మడిచి చెత్తబుట్టలో వేశాను. తర్వాత తీసి మళ్ళీ చదివాను.

ఈయన ఫోను పొద్దుటి నుంచి మోగుతూనే ఉంది. నిర్మాత తర్వాతి సినిమాకి మాటలన్నీ ఒక్కరే రాయమంటున్నాడు. ఈయన ఫోను దిండు కింద పెట్టి గోడ వైపు తిరిగి పడుకున్నారు.

జూన్ 29, ఆదివారం

అక్కని అమ్ముకుని పైకొచ్చారన్నాను. ఆయన అప్పుడు నోరు విప్పారు.

దొంగిలించలేదట. రాసే ముందు అక్క దగ్గరికి వెళ్ళి అడిగారట. అక్క ఆ రోజు ఏమీ చెప్పకుండా పంపేసి, మర్నాడు తనే ఫోను చేసిందట. రాయండి మరిది గారూ, కానీ ఒక్క అక్షరం మార్చకండి, అందట. మా ఆయన ఎక్కడున్నా మొదటి ఆట చూడకుండా ఉండరు, వింటారు, అందట. చెల్లితో చెప్పకండి, దానికి కోపమెక్కువ, అని కూడా అందట. డ్రమ్ము పెట్టాక అక్కకి చెప్పడానికి ఈయన వాళ్ళ వీధి దాకా వెళ్ళారట, తిరిగొచ్చేశారట. నాలాగే.

ఇన్నాళ్ళూ నేనన్న మాటలన్నీ ఈ మనిషి పడ్డాడు. నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది, ఏది ఎవరి మీదో తెలియలేదు.

జూలై 1, మంగళవారం

సెలవు పెట్టి అక్క దగ్గరికి వెళ్ళాను. తెలిసిపోయిందని నా మొహం చూడగానే దానికి అర్థమైంది. మిషను ఆపలేదు. కుడుతూనే చెప్పింది.

ఆ రోజు వెళ్ళకండి అందామనుకుందట. నోటికి అది రాలేదు, ఇది వచ్చింది. ఆయనకి అర్థమైందో లేదో ఇన్నేళ్ళూ తెలియలేదంది. చీకట్లో కూర్చుని, అంత పెద్ద తెర మీద, వేరే ఆడదాని నోట వింటే అప్పుడైనా తెలుస్తుందేమో అనుకున్నానే అంది. తిరిగొస్తాడనా అక్కా, అని అడిగాను. రావద్దు, తెలిస్తే చాలు, అంది.

హాల్లో అందరి మొహాలూ ఎందుకు చూశావని అడిగాను. నవ్వనివాళ్ళు ఒక్కరైనా ఉంటారేమోనని చూశానే అంది.

అప్పుడు మిషను ఆపింది. మీ బావది పెద్ద నవ్వు, గుర్తుందా, హాల్లో అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు, అంది. ఆయనా నవ్వే ఉంటాడు కదే, అంది.

కాదని చెప్పాల్సింది. అబద్ధమైనా ఆ ఒక్క మాట అనాల్సింది. నాకు ఆ నవ్వు బాగా గుర్తుంది. దాని ఒళ్ళో తల పెట్టుకుని నేనే ఏడ్చాను, అది నా జుట్టులోంచి దారప్పోగులు ఏరుతూ కూర్చుంది.

జూలై 5

సక్సెస్ మీట్‌లో వచ్చినవాళ్ళందరికీ గొడుగులు పంచారట. బంగారు రంగు, మీద కుటుంబం బొమ్మ. రైటరు గారికని ఒకటి ఇంటికి పంపించారు. ఈయన దాన్ని విప్పలేదు. నిర్మాతకి ఫోను చేసి, టీవీలో వేసేటప్పుడైనా ఆ డ్రమ్ము తీసేయమని అడిగారు. అవతల నవ్వు నాకు గది ఇవతలికి వినబడింది. తర్వాతి సినిమా రాయనని చెప్పేసి పెట్టేశారు. నేను కాఫీ పెట్టి ఇచ్చాను. ఏదో ఒకటి చెయ్యాలిగా.

జూలై 12, శనివారం

అక్క ఇంట్లో ఉన్నాను. జోరు వాన.

సాయంత్రం బయల్దేరుతుంటే అక్క మంచం కింద నుంచి గొడుగు తీసుకుని గుమ్మం దాకా వచ్చింది. నోరు తెరిచింది. మూసేసింది. గొడుగు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

గొడుగు తలుపు వెనక మేకుకి తగిలించాను. వెళ్ళలేదు.