పక్కింటి పొయ్యి

కుందన్, మీ బావ రాస్తున్న ఉత్తరం.

సోమవారం పొద్దున మీ అక్క ఎప్పటిలాగే పక్కనే మూసి ఉన్న రావత్‌ల ఇంట్లో పొగ పెట్టడానికి వెళ్లింది. మధ్యాహ్నమైనా రాకపోతే వెళ్లి చూశాను. ఆరిపోయిన పొయ్యి ముందు గోడకు చేరగిలబడి ఉంది. ప్రాణం లేదు. రోడ్డు పనికి వచ్చిన నేపాలీ కూలీలు ముగ్గురు నాతోపాటు పాడె మోశారు. మంగళవారం నది ఒడ్డున దహనం చేశాను. ఇవాళ కొండ దిగుతున్న ఆ కూలీల చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఊళ్లో ఇక నేనొక్కణ్ణే. మూసిన ఇళ్లు పదకొండు, తాళాలన్నీ ఆమె దగ్గరే ఉండేవి. పొగ తగలకపోతే దూలాలు పుచ్చిపోతాయని రోజుకో ఇంట్లో పొయ్యి వెలిగించేది. ఎందుకీ చాకిరీ అన్నానొకసారి.

"మనిషి వెళ్లిన ఏడాదికి వంటింట్లో దురదమొక్కలు మొలుస్తాయి. రెండో ఏడు అటక మీద ఎలుగుబంటి కాపురం పెడుతుంది. ఆ తర్వాత ఇక్కడ ఊరుండేదని దేవదారు చెట్లకు ఎవరు చెబుతారు? డిగ్రీ చదివారు, ఈ మాత్రం తెలీదూ?" అంది.

నిన్న బిష్ట్‌ల మూసిన ఇంటి గుమ్మంలో ఎలుగుబంటి అడుగుజాడలు చూశాను.

మనిషిని పోగొట్టుకున్న వాళ్ల ఇంట్లో పది రోజులు పొయ్యి వెలిగించకూడదు. పక్కింటివాళ్లే తిండి తెచ్చిపెట్టాలి. నాకు పక్కిల్లుంది, పక్కింటివాళ్లు లేరు. కూలీలు ఇచ్చిన అటుకులు అయిపోయాయి.

డెహ్రాడూన్‌లో నీకు పని ఉంటుందని తెలుసు. అయినా పదో రోజు దాకా ఆగకు, వెంటనే రా. ఎవరు వస్తే వాళ్లను తీసుకురా. నావల్ల కావడం లేదు.

రేపు పొద్దున రావత్‌ల ఇంటి తాళం తీసి, ఆమె కూర్చున్న చోటే కూర్చుని పొయ్యి వెలిగిస్తాను. నాలుగు రొట్టెలు కాల్చి, గుడ్డ కప్పి తీసుకొచ్చి, మా ఇంటి తలుపు తడతాను.