లెటీ కట్టిన ఈగ తేలింది

చెల్లీ వర్నా,

మన లెటీ కట్టిన ఈగ తేలిందే! మునగలేదు, ఊడలేదు!

రంపపు మిల్లులో నలిగినప్పటి నుంచి దాని వేళ్లకు స్పర్శ లేదుగా. ట్రౌట్ చేపకు ఎరగా, గాలపు ముల్లు మీద జింక వెంట్రుకలతో నీళ్లపై తేలే ఉత్తుత్తి ఈగ కట్టేటప్పుడు దారం వదులైతే వెంట్రుకలు జారిపోతాయి, ఎక్కువ బిగిస్తే దారమే తెగుతుంది. తెగబోయే ముందు అది సన్నగా కిర్రుమంటుందట. పిచ్చిపిల్ల, ఆ చప్పుడు విని బిగించడం నేర్చుకుంది! చలికాలమంతా నేను రేడియో పెట్టలేదు, దగ్గు కూడా మింగేశాను.

నిన్న మాడిసన్ నది దగ్గర, చేపలు పట్టే సామాను అమ్మే కొట్టు గ్రోవర్ ఆ ఈగను గాలపు దారానికి ముడేశాడు. "పెద్దాయనా, ఇది మునిగిందంటే మీ అమ్మాయికి మళ్లీ నా కొట్లో పని అడగొద్దు" అంటూ సుడిలోకి విసిరాడు. ఈగ మాయమైంది. లెటీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతలో నురగ మీదికి తేలింది, చెల్లీ! ట్రౌట్ లటుక్కున పట్టింది. చేపను వదిలేశాక చూస్తే, పళ్లు గీసుకున్నా ఒక్క వెంట్రుకైనా ఊడలేదు.

"సోమవారం నుంచి పనిలోకి రామ్మా" అన్నాడు గ్రోవర్.

"నాన్నా, ఇక దగ్గుకో" అంది లెటీ.

ఎడ్నా వదినకు చెప్పు. రోలండ్‌కూ, వాడి పెళ్లానికీ చెప్పు. చెవిటి లూథర్ అన్నయ్యకు గట్టిగా అరిచి చెప్పు. నేనూ ఇక్కడ అరుస్తూనే ఉన్నాను.

మీ అన్నయ్య