ఎండబెట్టిన రికార్డు

కమ్మింగ్, జార్జియా
ఆదివారం

ప్రియమైన అక్కయ్యకు,

నీకూ బావగారికీ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ ఇద్దరం బాగున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? మెట్లెక్కడం మానావో లేదో రాయి. నా గురించి దిగులుపడకు, వేళకు తింటున్నాను. ఇక్కడ ఎండలు మన తెనాలిలాగే ఉన్నాయి. ఆ ఎండ వల్లే ఈమధ్య ఒక పొరపాటు చేశాను. ముందు నీకే చెప్పాలి, ఆ పద్ధతి నువ్వు నేర్పిందే కనుక.

పక్కింటి మేరియన్ గారి గురించి ఇదివరకు రాశాను. డెబ్బై దాటినావిడ, ఒక్కరే ఉంటారు. మేం కొత్తగా వచ్చినప్పుడు, ఈయన ఆఫీసుకు వెళ్లాక పలకరించే మనిషి లేక గోడలు చూస్తూ కూర్చున్న రోజుల్లో, ఆవిడే వచ్చి తలుపు తట్టారు. అప్పటినుంచి ప్రతి బుధవారం మూడింటికి వాళ్లింట్లో టీ, పాటలు. చనిపోయిన భర్త దాచుకున్న రికార్డులవి. అన్నీ ఒకే ఇంగ్లండ్ బ్యాండువి, మన చిన్నప్పటివి. మొదట్లో నాకు తలాతోకా తెలియలేదు. రికార్డు ఒక పక్కంతా ఒకటే పాట, ఇరవై నిమిషాలు. మాటలు ఆగిపోతాయి, తాళం మారిపోతుంది, ఎక్కడినుంచో చర్చిలో కానుకలు పట్టేటప్పటిలా ఆర్గన్ వస్తుంది. ఇప్పుడు వినకపోతే వారం గడిచినట్టుండదు. నా అలవాటు నీకు తెలుసుగా, నోటుబుక్కు పెట్టి పదకొండు ఆల్బమ్‌లకూ నంబరు వేసి, అట్ట మీద బొమ్మా పాటల పేర్లూ రాసుకున్నాను. ఆ ఇరవై నిమిషాల పాట ఉన్నది నాలుగో నంబరులో. ఆవిడకు అదంటే ప్రాణం.

పోయిన నెల గాలివానకు వాళ్ల బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చి అట్టలు తడిశాయి. ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్తూ తాళం నాకిచ్చి, కాస్త తుడిచి పెట్టమన్నారు. నేను తుడిచి ఊరుకోలేదు. డాబా మీద పట్టుచీరలు, వడియాలు ఎండబెట్టినట్టు మా ఇంటి వెనక చెక్క డెక్ మీద దుప్పటి పరిచి అట్టలన్నీ పేర్చాను. రికార్డుల్లో ముఖ్యమైనది కదా అని ముందు నాలుగోది కూడా ఎండలో పెట్టి, మిగతావి తుడవడానికి లోపలికి వెళ్లాను. అరగంట తర్వాత చూస్తే దాని అంచు వేయించిన అప్పడంలా లేచి ఉంది.

సాయంత్రం ఈయనకు చూపించాను.

"రికార్డులేమన్నా వడియాలా సుగుణా, ఎండబెట్టడానికి?"

"తడిసిందని పెట్టానండీ."

"సరేలే, ఆన్‌లైన్‌లో ఇంకోటి ఆర్డర్ చేద్దాం. అదే పాటగా."

"పాట అదే. ఆవిడ భర్త చేతుల్లో తిరిగింది ఇదొక్కటే కదండీ."

ఆవిడ మొహం తిప్పుకుంటే ఈ ఊళ్లో నేను వెళ్లగలిగిన ఇల్లంటూ లేదు. బుధవారం దాకా ప్రార్థన చేసుకుంటూ గడిపి, మూడింటికి రికార్డు చేత్తో పట్టుకుని వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆవిడ దాన్ని తీసుకుని ప్లేయర్ మీద పెట్టారు. ముల్లు ఎగిరి పక్కకు జారింది. మూడుసార్లు పెట్టారు, మూడుసార్లూ జారింది. నాలుగోసారి ముల్లును లేచిన అంచు దాటించి బాగా లోపలికి జరిపి పెట్టారు. పాట కాస్త ఊగుతూనే అందుకుంది. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు.

"రోజూ భోజనం కాగానే ఆయన ఇది పెట్టేవాడు" అన్నారు. "నేను గిన్నెలు కడుక్కుని వచ్చేసరికి సగం అయిపోయేది. నలభై ఏళ్లూ నేను విన్నది ఈ సగమే సుగుణా."

"మరి మొదటి సగం?"

"కుళాయి చప్పుడులో ఏం వినబడుతుంది? అది ఆయనది."

పాట అయ్యేదాకా ఇద్దరం కదల్లేదు. తర్వాత నేను టీ కప్పులు కడగడానికి లేస్తే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. "అవెక్కడికీ పోవు" అన్నారు.

ఇంటికొచ్చి నోటుబుక్కులో నాలుగో నంబరు ఎదురుగా "రెండో సగం బాగుంది" అని రాశాను. ఇంత దూరం తెచ్చి ఇలాంటి మనిషి పక్కన నన్ను ఉంచినందుకు దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా తక్కువే.

ఒక చిన్న పని. అమ్మ పాత మల్లుచీర ముక్కలు నీ దగ్గరుంటే రెండు ఇటు వచ్చేవాళ్లెవరి చేతనైనా పంపు. రికార్డులు తుడవడానికి అంత మెత్తని గుడ్డ ఇక్కడ దొరకలేదు. ఇకమీదట అన్నీ నీడలోనే.

పెద్దలందరికీ మా వందనాలు చెప్పు. మీ ప్రార్థనల్లో మమ్మల్ని తలుచుకోండి. పొద్దున్నే బావగారు పేపరు పైకి చదువుతుంటే నువ్వు వంటింట్లోంచే ఊ కొడుతుంటావు. రేపు గిన్నెలు అలా వదిలేసి, వెళ్లి పక్కన కూర్చో అక్కా.

నీ చెల్లెలు
సుగుణ