మీ సంతాప సభ పోస్టరు ఫెయిలైన వైనం

పూజ్యులైన మాస్టారికి,

మీరిక లేరన్న వార్త మీకు ముందే తెలుసు కాబట్టి నేరుగా సంగతికి వస్తాను. మీ డిజైన్ క్లాసు నాకు అప్పగించారు. నిన్న మీ సంతాప సభ కోసం పిల్లలు కంప్యూటర్లో పోస్టరు చేశారు. మీ ఫొటో చుట్టూ మబ్బులు, మెరుపులు, రెండు పావురాలు. "పోస్టరు నిలబడి చదివీది కాదురా, ఎళ్తా ఎళ్తా చదివీది" అనేవారుగా, మీ పద్ధతిలోనే రోడ్డవతలి గోడకు అంటించి చూశాం.

టీ కొట్టు బెంగాలీ దాదా అడిగాడు, "పెళ్లెవరిది?"

పోస్టరు చేసిన, లిలువా నుంచి వచ్చే పద్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఏటి తీసీమంటారు సార్?"

"మాస్టారు తప్ప అన్నీ తీసీ," అన్నాను. మీ యాస అరువు తెచ్చుకున్నందుకు క్షమించాలి.

ఈ ఉదయం కొత్తది అంటించాం. తెల్ల కాగితం మీద నల్లటి పెద్ద బెంగాలీ అక్షరాల్లో మీ పేరు, కింద సంతాప సభ వేళ, అంతే. మీరు రోజూ వచ్చే గార్డెన్ రీచ్ బస్సు మమ్మల్ని దాటి వెళ్లి, స్టాపు కాని చోట ఆగింది. కండక్టరు దిగి వెనక్కి పరిగెత్తుకొచ్చాడు.

"మాస్టర్‌మొశాయ్ పోయారా? ఊరెళ్లారనుకున్నానే!"

బస్సులో జనం తిడుతున్నా అతను గోడ ముందు నుంచి కదల్లేదు.

అతను వెళ్లాక పద్మ మెల్లగా అడిగింది, "పాసేనా సార్?"

అక్షరాల మధ్య ఖాళీ ఎక్కువైందని మీరు తప్పకుండా అనేవారు. నేను మాత్రం పదికి పది వేసేశాను. అభ్యంతరముంటే వచ్చి దిద్దండి.

మీ చివరి బెంచీ శిష్యుడు,
గోవిందు