ఫోను రాసిపెట్టిన మాట

పాతపట్నం, బుధవారం

మా కాలేజీలో చదివే సుగుణకు చెవులు వినపడవు. అందుకే క్లాసులో చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసిపెట్టే యాప్ సోమవారం నేనే తన ఫోనులో వేసిచ్చాను. రెండు రోజులు ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. ఈ రోజు ఎకనామిక్స్ లెక్చరర్ పాఠం మధ్యలో, "ఈ సెవిటిదానికి సదువేటి, గేదెల్ని తోలుకోక!" అన్నాడట. క్లాసంతా నవ్విందట. ఫోను ఆ మాట కూడా రాసేసింది. సుగుణ తెచ్చి నాకు చూపించింది.

వెళ్లి అడిగితే ఆ మనిషికి సిగ్గన్నదే లేదు. "సరదాకన్నాను మేడమ్. ముందు ఆ ఫోను తీయించీండి, నా మాటలన్నీ రాసేస్తన్నాది," అన్నాడు. ప్రిన్సిపాల్ కూడా ఆయన వైపే మాట్లాడాడు. తీయించనని చెప్పి వచ్చేశాను.

ఏం లాభం? స్టాఫ్ రూములో ఆయన ఇలాంటివి ఎన్నిసార్లు అన్నా, నేను పేపర్లు దిద్దుకుంటూ ఊరుకున్నాను. నా మీద నాకే రోత పుడుతోంది.

సాయంత్రం సుగుణ కాగితం మీద రాసి ఇచ్చింది: "ఇన్నాళ్లూ అందరూ నవ్వితే నేనూ నవ్వీదాన్ని మేడమ్. అప్పుడూ నా గురించేనా?"

కింద 'కాదు' అని రాశాను. చదివి, ఆ కాగితం మడిచి, నా చేతిలోనే పెట్టేసి వెళ్లిపోయింది.