నిలబడి చేసిన ప్రార్థన

క్లేటన్, మెల్‌బోర్న్
ఆగస్టు 1990

బెన్‌హర్ బావా, వందనాలు.

నువ్వు పంపిన మొలల ఆయింట్‌మెంట్ బాగా పనిచేసింది. మంటా, పోటూ తగ్గాయి. చాన్నాళ్ల తర్వాత కుర్చీలో కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ దొరకదని కాదు నిన్ను అడిగింది. మా వీధి మందుల షాపు కౌంటర్లో ఉండేది మా సంఘంలోని విలియం అంకుల్ కూతురు ఫేబీ. ఆ పిల్లని ఈ మందు ఎలా అడగను?

ఇంతకీ ఇక్కడ ఏమైందో విను. అంకుల్ వాళ్లింట్లో శనివారం కూడికలో కూర్చోలేక, ఇన్నాళ్లూ ప్రార్థనంతా నిలబడే చేశాను. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి. "చూశారా, యూనివర్సిటీకెళ్లే కుర్రాడికి ఎంత ఉజ్జీవమో!" అని అంకుల్ మురిసిపోయి, నన్ను యూత్ లీడర్‌ని చేసేశారు.

మొన్న మరిచిపోయి హాయిగా కూర్చున్నాను. అందరూ నావైపే చూశారు. అంకుల్ మాత్రం కూడిక అయ్యేదాకా నిలబడే ఉన్నారు. తర్వాత నన్ను గరాజ్‌లోకి లాక్కెళ్లారు. విశ్వాసంలో చల్లారిపోయావని చీవాట్లు పెడతారనుకున్నాను. ఆయన తలుపు వేసి, గొంతు తగ్గించి, "నీకు తగ్గిపోయింది కదూ? ఏం పూశావు బాబూ? కన్నకూతుర్ని నేనెలా అడగను?" అన్నారు.

నా ట్యూబు అయిపోయింది బావా. ఇంకో నాలుగు వెంటనే పంపు. ఆయనొక్కరే నిలబడితే ఆంటీ పసిగడతారట, మందు వచ్చేదాకా నన్ను కూడా పక్కన నిలబడమన్నారు. నిలబడతాను సరే, ఈసారి కన్నీళ్లు ఎక్కణ్నుంచి తేను?

ఉజ్జీవంలో ఉన్న
నీ బావమరిది